చివరి పదహారు పేజీలు

చిక్కడపల్లి సందులో, పిండిగిర్నీ పక్కన
వీరేశం అద్దె పుస్తకాల కొట్టు.
రోజుకి పావలా.
ఏ నవల తెరిచినా
అక్షరాల మీద సన్నటి గోధుమపొడి.
ఊదుకుని చదివేదాన్ని.

పొద్దున అజామాబాద్‌లో మాత్రల ఫ్యాక్టరీ.
ప్యాకింగ్‌లో పదకొండు మందిమి.
పది మాత్రలకొక పట్టీ, పది పట్టీలకొక డబ్బా,
చేతులు లెక్క తప్పకపోతే చాలు,
నోటికి పనిలేదు.
ఆ పనిలేని చోటికి నవలలు మోసుకెళ్ళాను.

రాత్రి చదివింది పగలు చెప్పడం.
నసీమాకి తెలుగు చదవడం రాదు,
వినడం మా అందరికంటే బాగా వచ్చు.
"ఠైరో" అనేది, పట్టీ పక్కనబెట్టి,
"మొన్న ఆమెకి అన్న లేడన్నవ్.
ఈ అన్న యాడికెంచి వచ్చిండు?"
నిజమే. రాసినాయన మరిచిపోయాడు.
నసీమా మరవలేదు.

ఒక గురువారం రాత్రి
నాలుగు వందల పేజీల నవల
మూడు వందల ఎనభై నాలుగో పేజీలో ఆగిపోయింది.
కాచిగూడ స్టేషన్లో
పెట్టె పట్టుకుని నిలబడింది ఆ అమ్మాయి.
రైలొచ్చింది.
తర్వాత అట్ట.

వీరేశం తల గోక్కున్నాడు.
"ఎవరో పొయ్యి రాజేసుకున్నరు గావచ్చు" అని
పావలాలోంచి పది పైసలు తిరిగిచ్చాడు.

పది పైసలకి ముగింపు ఎక్కడ దొరుకుతుంది?
అక్కడ పదిమంది ఎదురుచూస్తున్నారు.
చిరిగిపోయిందని చెప్పొచ్చు.
చెప్పలేదు.
ఎక్కించాను ఆ పిల్లని రైలు.
పెట్టెని మాత్రం ప్లాట్‌ఫారం మీదే వదిలేయించాను,
ఎందుకో నాకే తెలీదు.
కదిలే రైల్లోంచి ఆమె దాన్ని చూస్తూ ఉంది,
అది చిన్నదవుతూ ఉంది,
పట్టీల మీద పదకొండు జతల చేతులు ఆగిపోయాయి,
సూపర్వైజర్ జోసఫ్ గారు కేకేసేదాకా.

నసీమా ఒక్కతే నా మొహంలోకి చూసి
"ఇది పుస్తకంల లేదు" అంది.
"ఉంది."
"లేదు. పుస్తకం జెప్పేటప్పుడు పైకి చూస్తవ్.
ఇయ్యాల చేతులు చూస్కుంట జెప్పినవ్."

దొరికిపోయాను. అప్పట్నించీ రాస్తూనే ఉన్నాను.
అచ్చు తప్పి పారేసిన లేబుళ్ళ వెనక
మొదటి పద్యాలు.
జ్వరానికి రోజుకి మూడుసార్లు అని ముందు,
వెనక వాన గురించి ఏదో.
టిఫిన్ డబ్బా మూత తీస్తూ నసీమాకి చదివితే
బదులుగా వాళ్ళ నానీ షేర్ ఒకటి చెప్పేది.
సగం అర్థమయ్యేది.
అర్థంకాని సగాన్ని
బస్సులో ఇంటిదాకా నమిలేదాన్ని.

పుస్తకాలు నాలుగొచ్చాయి నావి.
సభల్లో అడుగుతారు, మీ గురువెవరని.
ఏదో పేరు చెప్పి దిగుతాను.
ప్యాకింగ్ సెక్షన్ అంటే నవ్వుతారని కాదు,
నవ్వరని భయం,
చప్పట్లు కొడతారని.

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
అదే నవల. అదే అట్ట.
వెనక్కి తిప్పితే నాలుగు వందలూ ఉన్నాయి.
ముప్పై రూపాయలన్నాడు, బేరమాడలేదు.
మూసిన చెప్పుల షాపు మెట్ల మీద కూర్చుని
ఆ పదహారు పేజీలూ చదివాను.
అతనొస్తాడు. క్షమాపణ అడుగుతాడు.
పెట్టె అతనే మోస్తాడు.
రిక్షా. ఇల్లు. శుభం.

యాకుత్‌పురాలో
నసీమాకి ఇప్పుడు ఎడమ చెవి వినపడదు.
కుడిపక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించాను,
పైకి చూస్తూనే.
చాయ్ సాసర్‌లోకి ఒంపుకుని
చల్లారేదాకా మాట్లాడలేదు.
"ఆయనకి తెల్వదు పాపం" అంది చివరికి.
"అది సరే,
ప్లాట్‌ఫారం మీద పెట్టె ఒకటి ఇడిసిపెట్టినవ్ కదా నువ్వు,
గిన్నేండ్లాయె.
ఎవరు తీస్కపోయిన్రు?"